మనం పక్కన లేనప్పుడు పనిచేసే రాత

కథలూ కవితలూ రాయకుండా జీవితం గడిపేవాళ్లు చాలామంది ఉంటారు. కానీ ఊరెళ్లేటప్పుడు నాన్నగారి మందుల గురించి పక్కింటివాళ్లకు కాగితం రాసిపెట్టని ఇల్లు అరుదు. ఉద్యోగం మారేవాళ్లు తర్వాత వచ్చేవాళ్ల కోసం పని వివరాలు రాసి అప్పజెబుతారు. సెలవు పెట్టిన టీచరు తన బదులు క్లాసు తీసుకునేవాళ్లకు పాఠం ఎక్కడిదాకా వచ్చిందో రాస్తుంది. పెళ్లి పనుల్లో తమ్ముడి చేతిలో సామాన్ల లిస్టు పెడతాం. ఇవన్నీ ఒకే జాతి రాతలు. చదివిన మనిషి ఆ కాగితం పట్టుకుని ఒక పని చేయాలి. మధ్యలో అనుమానం వస్తే అడగడానికి రాసినవాళ్లు అక్కడ ఉండరు.

బళ్లో వ్యాసం నేర్పారు, లేఖ నేర్పారు, సంక్షిప్తీకరణ కూడా నేర్పారు. ఈ రాత మాత్రం మనకెవరూ నేర్పలేదు. నేను చదివినంతలో దీన్ని అందరికంటే శ్రద్ధగా నేర్పింది ఒక అమెరికన్ ఆటల పత్రిక. పేరు 'డంజియన్'. 1986 సెప్టెంబర్-అక్టోబర్ సంచికతో మొదలై, 2007 సెప్టెంబర్‌లో 150వ సంచికతో అచ్చులో ఆగిపోయింది. ఆ పత్రికంటే నాకు చాలా ఇష్టం. ఆటలో ఆసక్తి లేనివాళ్లు కూడా దాన్నుంచి నేర్చుకోవలసింది ఉందని గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ అధ్యాయం మొత్తం దానికే ఇస్తున్నాను.

ముందు ఆ ఆట ఏమిటో చెప్పుకుందాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో బయటికొచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి టీఎస్ఆర్ అనే కంపెనీ దాన్ని అచ్చువేసింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఒకరు కత్తి పట్టిన యోధురాలు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. వాళ్లలో ఒకరు మాత్రం తనకంటూ ఒక పాత్ర తీసుకోరు. మిగతా లోకమంతా ఆ ఒక్కరిదే. సత్రం యజమాని, గుహలో రాక్షసుడు, వాన, చీకటి, తలుపు కిర్రుమనడం, అన్నీ ఆ మనిషి నోటి నుంచే రావాలి. అలా ఆట నడిపే మనిషిని డంజియన్ మాస్టర్ అంటారు, క్లుప్తంగా డీఎం. "మీ ముందు ఇనుప తలుపు ఉంది" అని డీఎం చెబితే, "చెవి ఆనించి వింటాను" అంటాడు దొంగ పాత్ర వేసినవాడు. ఏం వినిపించిందో అప్పటికప్పుడు చెప్పాలి. ఫలితం అటో ఇటో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తారు.

ఇలా సాయంత్రం మొత్తం ఆడించాలంటే డీఎంకు బోలెడంత తయారీ కావాలి. గుహ పటం, అందులో ఎవరుంటారు, ఎందుకుంటారు, ఎక్కడ ఏం దాచారు, ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదు, ఇవన్నీ ముందే ఆలోచించుకోవాలి. ఉద్యోగమో చదువో ఉన్నవాళ్లకు వారంవారం అంత తీరిక ఎక్కడిది? ఆ లోటు తీర్చడానికే ఎవరో ముందే రాసిపెట్టిన కథాసామగ్రి వచ్చింది. దాన్ని 'అడ్వెంచర్' అంటారు. ఇది పూర్తయిన కథ కాదు. కథ జరగడానికి కావలసిన చోటూ, మనుషులూ, చిక్కూ అందులో ఉంటాయి. ముగింపు మాత్రం బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చేతుల్లో తయారవుతుంది.

టీఎస్ఆర్‌కు అప్పటికే 'డ్రాగన్' అనే పత్రిక ఉంది, 1976 జూన్ నుంచి వస్తోంది. కొత్త నియమాలు, కొత్త జీవులు, చిత్రకథలు, చర్చలు, నియమాల మీద పాఠకుల సందేహాలకు జవాబులు ఉండే పత్రిక అది. అడ్వెంచర్లు అందులో అప్పుడప్పుడూ మాత్రమే వచ్చేవి. అచ్చంగా వాటికోసమే పుట్టింది 'డంజియన్'. మొదట్లో రెండు నెలలకొకసారి, సంచికకు నాలుగైదు అడ్వెంచర్లు. మొదటి సంపాదకుడు రోజర్ మూర్.

ఇక నన్ను కట్టిపడేసిన సంగతి. ఆ అడ్వెంచర్లు రాసింది ఎక్కువగా పాఠకులే. కంపెనీ జీతగాళ్లు కాదు. తమ ఇంట్లో, తమ స్నేహితులతో ఆడుకున్నదాన్ని కాగితం మీద పెట్టి పంపించినవాళ్లు. చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచేసి ఉత్తరం రాస్తే రచయితలకు సూచనల పత్రం పంపేవారు. ముందు మీ ఆలోచనను క్లుప్తంగా రాసి పంపాలి. అది నచ్చితే పూర్తి ప్రతి అడిగేవారు. మన 'చందమామ'లో ఫొటో వ్యాఖ్యల పోటీకి ఊరూరి నుంచి కార్డులు రాసి పంపిన తరానికి ఆ ఉత్సాహం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ మాత్రం పాఠకుడు పంపేది ఒక వ్యాఖ్య కాదు, పది పదిహేను పేజీల పని.

మొదటి సంచికలో 'అసాల్ట్ ఆన్ ఎడిస్టోన్ పాయింట్' రాసిన పి.ఎన్. ఎల్‌రాడ్ తర్వాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. అదే సంచికలో 'గ్రాకర్ట్స్ లెయిర్' రాసిన జాన్ నెఫ్యూ 1990లో అట్లాస్ గేమ్స్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. కెనడాకు చెందిన క్రిస్ పెర్కిన్స్ మొదటి అడ్వెంచర్ 1988లో 11వ సంచికలో వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత అతనే ఆ పత్రిక సంపాదకుడయ్యాడు, ఆ తర్వాత మొత్తం ఆట కథల బాధ్యత చూసేవాళ్లలో ముఖ్యుడయ్యాడు. పెర్కిన్స్ మొదటి అడ్వెంచర్ వచ్చిన మరుసటి సంచికలోనే అచ్చయిన జేమ్స్ జేకబ్స్ కూడా కాలక్రమంలో 'డంజియన్' సంపాదకుల్లో ఒకడయ్యాడు. వీళ్లంతా ఆ పత్రికలో రాస్తూ నేర్చుకున్నవాళ్లు, పెర్కిన్స్, జేకబ్స్ అయితే చివరికి దాన్నే నడిపారు.

వీళ్లు నేర్చుకున్నదేమిటో దగ్గరగా చూద్దాం. పత్రికలోని పంక్తులు ఎత్తి రాయకుండా, అదే పద్ధతిలో నేనొక చిన్న గదిని తయారుచేస్తాను. నది మీద వంతెన, వంతెన పక్కన సుంకం వసూలుచేసే గది. రాత్రివేళ ఆటగాళ్లు అక్కడికి వస్తారు. కొత్తగా రాసేవాళ్లు సాధారణంగా ఇలా మొదలుపెడతారు:

"మీరు భయంభయంగా తలుపు తోసుకుని లోపలికి వెళ్తారు. దుర్వాసనకు మీకు కడుపులో తిప్పుతుంది. మంచం మీద సుంకం గుమాస్తా నిద్ర నటిస్తున్నాడు. రొట్టెల బుట్టలో అతను దాచిన దొంగ సొమ్ము ఉంది."

చదవడానికి బాగానే ఉన్నట్టుంటుంది. బల్ల దగ్గర మాత్రం మొదటి వాక్యానికే గొడవ మొదలవుతుంది. "నేనెందుకు భయపడతాను?" అంటుంది యోధురాలు. "నేను తలుపు దగ్గరికే రాలేదు, కిటికీ చూద్దామనుకున్నాను" అంటాడు దొంగ. ఏం చేయాలో, ఏమనిపించాలో వాళ్ల తరఫున రాసినవాడే నిర్ణయించేశాడు. ఇక నిద్ర నటిస్తున్నాడన్న సంగతి, సొమ్ము ఎక్కడుందన్న సంగతి డీఎం పైకి చదివేశాక ఆ గదిలో కనిపెట్టడానికి ఏం మిగిలింది? నాలుగు వాక్యాల్లో నాలుగు తలుపులు మూసేశాడు.

'డంజియన్' పద్ధతి వేరు. గది వివరం రెండు ముక్కలుగా ఉంటుంది. గీతల డబ్బాలో పెట్టిన ముక్క ఆటగాళ్లకు చదివి వినిపించడానికి. కింద మామూలుగా రాసిన ముక్క డీఎం కళ్లకు మాత్రమే. మన సుంకం గదిని అలా రాస్తే డబ్బాలో ఇంతే ఉంటుంది:

"తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చమురు దీపం వెలుగుతోంది. దాని పక్కన సగం తిన్న రొట్టె, తెరిచిన లెక్కల పుస్తకం. గోడవారగా మంచం మీద ఒక మనిషి అటు తిరిగి పడుకుని ఉన్నాడు. గదంతా ఎండుచేపల వాసన."

డబ్బా కింద, డీఎం కోసం:

"గుమాస్తా మెలకువగానే ఉన్నాడు. నిన్నటి వసూళ్లలో కొంత పుస్తకంలో ఎక్కించలేదు. వచ్చినవాళ్లు తనిఖీకి వచ్చారేమోనని గుండె దడ. మర్యాదగా పలకరిస్తే లేచి మాట్లాడతాడు, దొంగల గుంపు ఏ దారిన పోయిందో చెబుతాడు. పుస్తకం ముట్టుకుంటే అరుస్తాడు. కత్తి చూపిస్తే నదివైపు కిటికీలోంచి దూకుతాడు, ఈత బాగా వచ్చు. మిగిల్చుకున్న సొమ్ము రొట్టెల బుట్ట అడుగున ఉంది."

డబ్బాలో ఉన్నవన్నీ కంటికీ ముక్కుకూ తెలిసేవే. తలుపు దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుస్తాయి. అయినా చురుకైన ఆటగాడికి సగం తిన్న రొట్టె చాలు. తింటూ తింటూ లేచి పడుకున్నాడంటే నిద్ర నిజమేనా అని అనుమానిస్తాడు. మనం ఆ మాట చెప్పలేదు. కనిపెట్టిన సంతోషం అతనికే దక్కింది.

ఈ డబ్బా అలవాటు వెనక ఆటపోటీల అవసరం ఉంది. జెన్ కాన్, ఆరిజిన్స్ లాంటి ఆటల మేళాల్లో ఒకే అడ్వెంచర్‌ను ఒకే సమయంలో ఎన్నో బల్లల దగ్గర వేరువేరు డీఎంలు ఆడించేవారు. ఎవరి జట్టు బాగా ఆడిందో తేల్చాలంటే అందరికీ ఒకే సమాచారం అందాలి కదా. ఒక డీఎం వర్ణించి వర్ణించి చెప్పి, ఇంకొకరు పొడిపొడిగా చెబితే అన్యాయం. పోటీ కోసం వచ్చిన ఆ కట్టుబాటు రాతలో క్రమశిక్షణగా నిలిచిపోయింది. డబ్బా చిన్నదిగా ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టడానికీ కారణముంది. ఎవరో పైకి చదువుతుంటే వినేవాళ్ల ధ్యాస నాలుగైదు వాక్యాలకు మించి నిలవదు. ముఖ్యమైన వస్తువు ఎనిమిదో వాక్యంలో ఉంటే అది లేనట్టే.

ఇప్పుడు ఆ రెండో ముక్కను మళ్లీ చూడండి. నాకు ప్రాణమనిపించేది అదే. గుమాస్తా ఏం చేస్తాడో అక్కడ మూడు సందర్భాలకే రాశాను. ఆటగాళ్లు నాలుగోది చేస్తారు. ఎప్పుడూ నాలుగోదే చేస్తారు. "మేమూ సుంకం కట్టే వర్తకులమే, రసీదు కావాలి" అంటారనుకోండి. దానికి నేను ఏమీ రాయలేదు. కానీ అతను వసూళ్లు తినేశాడనీ, తనిఖీ అంటే భయపడుతున్నాడనీ డీఎంకు తెలుసు. ఆ ఒక్క ముక్క ఆసరాగా జవాబు దానంతటదే వస్తుంది. రసీదు రాయడానికి చేతులు వణుకుతాయి, పుస్తకం మూసేస్తాడు, "రేపు పొద్దున్న రండి" అంటాడు. కారణం చెప్పి ఉంచితే, రాసినవాడు ఊహించని సందర్భాన్ని కూడా చదివినవాడు నెగ్గుకొస్తాడు. చర్యలు మాత్రమే రాసి కారణం మింగేస్తే, జాబితా అయిపోయినచోట అతను చేతులెత్తేస్తాడు.

మంచి అడ్వెంచర్ పాతికేళ్ల తర్వాత కూడా పనికొస్తుందంటే ఇందువల్లే. నేలమాళిగలో, తాళం వేసిన గదిలో ఒక పెద్ద మృగం ఉంటే, అది ఏం తిని బతుకుతోంది? నీళ్లెక్కడివి? దానికి తిండి పెట్టేదెవరు? ఆ ప్రశ్నలకు జవాబు ఉన్న అడ్వెంచర్‌లో ఆటగాళ్లు ఆ తిండి పెట్టే మనిషిని పట్టుకుని మృగాన్ని మచ్చిక చేసుకునే దారి వెతకగలరు. జవాబు లేనిచోట కొట్టడం తప్ప ఇంకేం చేయడానికి ఉండదు.

ఇప్పుడు నాన్నగారి మందుల కాగితం దగ్గరికొద్దాం. మామూలుగా రాసేది: "రాత్రి 8కి ఇన్సులిన్. 9కి బీపీ మాత్ర." ఇది చర్యల జాబితా. ఆ రోజు నాన్నగారు ఆకలి లేదని అన్నం ముట్టలేదు. పక్కింటి పిన్నిగారు ఏం చేయాలి? కాగితం 8కి అంటోంది. ఆవిడ పద్ధతిగల మనిషి, 8కే ఇచ్చేస్తుంది. అదే ఇలా రాసి ఉంటే: "ఈ ఇన్సులిన్ అన్నానికి సంబంధించినది, గడియారానికి కాదు. అన్నం తినకుండా ఇస్తే షుగర్ బాగా పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి. తినకపోతే ఇవ్వకుండా డాక్టరుగారికి ఫోన్ చేయండి, నంబరు ఫ్రిజ్ మీద ఉంది." మూడు వాక్యాలు పెరిగాయి. పిన్నిగారికి ఇప్పుడు ఆలోచించడానికి ఆధారం దొరికింది. నాన్నగారు సగం తిని లేచిపోయినా, ఆలస్యంగా తిన్నా, ముందు ఫోన్ చేసి కనుక్కోవాలని ఆవిడకే తోస్తుంది. (మోతాదులూ వేళలూ మీ డాక్టరుగారు చెప్పినట్టే రాయండి. నేను మాట్లాడుతున్నది కాగితం రాసే తీరు గురించి.)

ఆఫీసులో పని అప్పజెప్పే నోటుకూ ఇదే వర్తిస్తుంది. "ప్రతి శుక్రవారం ఈ రిపోర్టు మేనేజర్‌కు పంపాలి" అని రాస్తాం. ఎందుకు పంపాలో రాయం. సోమవారం ఉదయం పై అధికారుల మీటింగులో ఆ రిపోర్టు చూస్తారన్నది మనకు తెలుసు కాబట్టి, అందరికీ తెలుసనుకుంటాం. శుక్రవారం సెలవైతే గురువారం పంపాలా, శనివారమా, మళ్లీ వారమా? కారణం తెలిసినవాడికి అది ప్రశ్నే కాదు.

పత్రిక నేర్పే ఇంకొక అలవాటు మొదటి పేజీలోనే కనబడుతుంది. అడ్వెంచర్ పేరు కిందే ఇది ఎంతమంది కోసం, ఏ స్థాయి పాత్రల కోసం అన్నది ఉంటుంది. నలుగురి నుంచి ఆరుగురికి, మూడు నుంచి ఐదో స్థాయి వరకు అన్నట్టుగా. డీఎం పేజీలన్నీ తిరగేయకుండానే తన బల్లకు సరిపోతుందో లేదో తేల్చుకుంటాడు. ఆ వెంటనే పూర్వరంగం, అంటే ఆటగాళ్లు రాకముందు ఇక్కడ ఏం జరిగింది అన్నది. ఆ తర్వాతే గదులు. పటంలో ఉన్న అంకె, వివరంలో ఉన్న అంకె తప్పక ఒకటే. డీజిల్ అనే పేరుతో ప్రసిద్ధుడైన డేవిడ్ లాఫోర్స్ గీసిన పటాలు ఎంత తేటగా ఉంటాయంటే, మెట్లు ఎటు దిగుతాయో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఒక్క చూపులో అందుతుంది. ఇంట్లో మెయిన్ స్విచ్ బోర్డు మీద ఏ స్విచ్ ఏ గదిదో అంకెలు వేసి, అవే అంకెలతో తలుపు వెనక కాగితం అంటించడం కూడా అదే పద్ధతి. చిన్న పనే. కరెంటు పోయిన రాత్రి ఇంట్లో ఉన్న ముసలమ్మకు అది ఎంత సాయమో ఆవిణ్ణే అడగాలి.

పాఠకులు రాసే సంప్రదాయం 'డంజియన్' ఒక్కదానిదే కాదు. దానికంటే ముందే బ్రిటన్‌లో ఇయాన్ లివింగ్‌స్టన్ సంపాదకత్వంలో 1977లో మొదలైన 'వైట్ డ్వార్ఫ్' పత్రికలో 'ఫీండ్ ఫ్యాక్టరీ' అనే శీర్షిక ఉండేది. పాఠకులు తాము ఊహించిన జీవులను రాసి పంపేవారు. చార్లెస్ స్ట్రాస్ అనే బడి వయసు కుర్రాడు 'గిత్‌యాంకీ' అనే జాతిని రాసి పంపితే 1979లో అచ్చయింది. 1981లో టీఎస్ఆర్ ఆ శీర్షికలోని జీవులెన్నిటినో 'ఫీండ్ ఫోలియో' అనే పుస్తకంలో చేర్చింది. అట్ట మీద బొమ్మ గిత్‌యాంకీదే. స్ట్రాస్ పెద్దయ్యాక పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' వీడియోగేమ్ ఆడినవాళ్లకు లేజెల్ అనే యోధురాలు గుర్తుండే ఉంటుంది. ఆమె గిత్‌యాంకీ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ గేమ్ ఆడే పిల్లలు, నలభై ఏళ్లకు పైగా కిందట ఒక విద్యార్థి పత్రికకు పంపిన కాగితాల్లో పుట్టిన జాతితో మాట్లాడుతున్నారు.

ఆ జాతి అంతకాలం ఎందుకు బతికింది? నా ఉద్దేశంలో ఇక్కడా పనిచేసింది కారణమే. గిత్‌యాంకీలకు ఒక చరిత్ర ఉంది. మనసులను శాసించే మైండ్ ఫ్లేయర్ల కింద తరతరాలుగా బానిసలుగా ఉండి, తిరగబడి విడిపించుకున్నవాళ్లు. ఆ ఒక్కటి తెలిస్తే వాళ్ల కోపం, కర్కశత్వం, ఎవరినీ నమ్మకపోవడం, అన్నీ ఎవరైనా ఊహించి ఆడించగలరు. కోరలు ఎన్ని, గోళ్లు ఎంత పొడవు అన్న కొలతలతోనే సరిపెట్టిన జీవులు పాత సంచికల్లో ఎన్ని ఉన్నాయో! వాటిని ఎవరూ తలుచుకోరు.

'డంజియన్'లో నేను మొదట తిప్పే పేజీ పాఠకుల ఉత్తరాలది. ఫలానా సంచికలోని అడ్వెంచర్ ఆడించాం, మావాళ్లు అసలు దారి వదిలేసి ఇలా చేశారు అని రాసేవారు. ఒక గది పటానికి, వివరానికి పొంతన లేదని ఎత్తిచూపేవారు. మెచ్చుకోలు ఉండేది, నిష్ఠూరం ఉండేది. రాసినవాళ్లకు అంతకంటే విలువైనది ఇంకేముంటుంది? మన రాత ఎవరి చేతుల్లోనో నడిచిందా, ఎక్కడ కుంటుపడింది అన్నది తెలియడం చాలా అరుదుగా దొరికే భాగ్యం. అప్పజెప్పిన నోటు గురించి మనకెవరూ ఉత్తరం రాయరు. విసుక్కుని, వాళ్లకు తోచినట్టు చేసుకుపోతారు.

కంపెనీ చేతులు మారింది. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొంది. 2002 నుంచి పత్రికను పైజో అనే సంస్థ నడిపింది. 2007లో 'డ్రాగన్', 'డంజియన్' రెండూ ఒకే నెలలో అచ్చు ఆపేశాయి. ఇంటర్నెట్‌లో 2013 దాకా కొనసాగాయి. పైజోవాళ్లు అక్కడ నేర్చిన విద్యతో 'పాత్‌ఫైండర్' అనే సొంత అడ్వెంచర్ల వరుస మొదలుపెట్టారు. ఒకప్పుడు ఈ పత్రికల్లో సంపాదకుడిగా పనిచేసిన వుల్ఫ్‌గాంగ్ బార్ 2007లోనే 'కోబోల్డ్ క్వార్టర్లీ' అనే పత్రిక తెచ్చాడు. పాత సంచికలు సంపాదించగలిగితే ఒక్కటైనా చదవండి. నియమాల అంకెలు అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాటిని దాటేయండి. డబ్బాలో ఏం పెట్టారు, డబ్బా కింద ఏం దాచారు అన్నది మాత్రం ప్రతి గది దగ్గరా ఆగి చూడండి.

ఇక మీ వంతు. పెద్దది పెట్టుకోకండి. 'డంజియన్'లో 'సైడ్ ట్రెక్స్' అనే పేరుతో కొద్ది పేజీల్లో అయిపోయే చిన్న అడ్వెంచర్లు వచ్చేవి. ఒకే చోటు, ఒకే చిక్కు, ఒక సాయంత్రంలో ముగుస్తుంది. మీ జీవితంలో అలాంటి చిన్న పని ఒకటి ఎంచుకోండి. మీరు మాత్రమే చేసేదై ఉండాలి, మీరు లేకపోతే ఆగిపోయేదై ఉండాలి. మేడ మీద నీళ్ల ట్యాంకు నింపే పద్ధతి కావచ్చు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు కావచ్చు. అమ్మ వారానికోసారి పెట్టే పులిహోర కావచ్చు. ఆట మీద మనసైతే నేరుగా ఒక గదే రాయండి. మీకు తెలిసిన చోటే తీసుకోండి. పాత కోట బురుజో, ఊరి చివర మెట్లబావో, మూతపడ్డ రైస్‌మిల్లో ఏదైనా సరే.

పైన రెండు వరుసల్లో ఇది ఎవరి కోసమో, ఎంత సమయం పడుతుందో రాయండి. తర్వాత పూర్వరంగం, నాలుగైదు వాక్యాలు చాలు. ట్యాంకు పనైతే పంపు మధ్యలో ఎందుకు ఆగుతుంది, పోయిన ఏడాది ఏం పాడైంది, ఎవరితో జాగ్రత్తగా మాట్లాడాలి, అన్నీ అందులోకి వస్తాయి. ఆ తర్వాత అంచెలు. ప్రతి అంచె దగ్గరా ముందు కంటికి కనబడేది రాయండి, తర్వాత దాని వెనక కారణం. "వాల్వు ఎడమకు తిప్పాలి" అని ఊరుకోకండి. తిప్పాక ఏ శబ్దం వస్తే సరిగ్గా తిరిగినట్టో, రాకపోతే దేన్ని అనుమానించాలో చెప్పండి. "తగినంత", "మామూలుగా", "ఎప్పటిలాగే" అన్న మాటలు వచ్చినచోట ఆగండి. ఎప్పటిలాగే అన్నది మీకు తెలుసు, చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? పులిహోరలో చింతపండు గుజ్జు ఎంత దగ్గరపడాలో చెప్పడానికి, గరిటెతో గీత గీస్తే బాణలి అడుగు కనబడి నెమ్మదిగా మూసుకోవాలి అని రాస్తే కొత్త కోడలికి కూడా పని అవుతుంది.

ఒకే ఆధారం మీద పనంతా వేలాడకుండా చూసుకోండి. అడ్వెంచర్‌లో ముందుకు పోయే దారి ఒకే ఒక రహస్య తలుపు అయితే, ఆటగాళ్లు దాన్ని కనిపెట్టకపోతే ఆట అక్కడే ఆగిపోతుంది. అందుకే అనుభవమున్న రచయితలు ఒకే సంగతిని ఉత్తరంలో ఒకసారి, పనిమనిషి మాటల్లో ఒకసారి, గోడ మీద గుర్తుగా ఒకసారి అందేట్టు చూస్తారు. మీ కాగితంలో కూడా ఫోన్ ఎత్తని ఒక్క మనిషి మీద మొత్తం ఆధారపడి ఉంటే, రెండో మనిషి పేరు చేర్చండి.

రాయడం అయ్యాక ఆ పని ఎప్పుడూ చేయని మనిషికి కాగితం ఇవ్వండి. అదే గదిలో కూర్చోండి, కానీ నోరు మెదపకండి. ఇది అన్నిటికంటే కష్టం. ఆ మనిషి తప్పు వాల్వు దగ్గరికి వెళ్తుంటే "అది కాదు" అనాలని నాలుక దురద పెడుతుంది. ప్రమాదమైతే తప్ప అనకండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చదివారు, ఎక్కడ మీ మొహంకేసి చూశారు, కాగితం అంచున గుర్తు పెట్టుకుంటూ ఉండండి. మీ మొహంకేసి చూసిన ప్రతిచోటా ఒక వాక్యం తక్కువైంది. అసలు చదవకుండా దాటేసిన ప్రతిచోటా బహుశా ఒక వాక్యం ఎక్కువైంది. పని పూర్తయ్యాక ఎలా ఉందని అడిగితే మర్యాదకు బాగుందనే అంటారు. ఆ మాట పక్కన పెట్టి మీ గుర్తులనే నమ్మండి.

తిరగరాసిన ప్రతిని మళ్లీ అదే మనిషి చేతిలో పెట్టకండి. మొదటిసారి చేస్తూనే ఆ మనిషి సగం నేర్చేసుకున్నారు కాబట్టి, ఈసారి కాగితం చూడకుండానే చేసేస్తారు. రెండో ప్రతికి ఇంకో కొత్త మనిషిని వెతకండి. వీలైతే ఆ రోజు మీరు ఇంట్లో లేకుండా చూసుకోండి.